రెండు గంటలకే ఇచ్చే పుస్తకంతో సెమిస్టర్ గట్టెక్కేదెలా?

ప్రశ్న:

అక్కా, నేను యూనివర్సిటీలో ఎకనామిక్స్ మొదటి సంవత్సరం చదువుతున్నాను. ఈ సెమిస్టర్‌కి తప్పనిసరిగా చదవాల్సిన టెక్స్ట్‌బుక్కులు ఐదు. అన్నీ కొనే స్థితి మాకు లేదు. లైబ్రరీలో దొరుకుతాయిలే అన్న ధైర్యంతో ఉన్నాను. తీరా మూడో వారంలో వెళ్లి చూస్తే, మైక్రో పుస్తకం రెండు కాపీలూ ఎవరో తీసుకెళ్లిపోయారు. అందులో ఒకటి మా క్లాసమ్మాయే మొదటి రోజు తీసుకుని రెన్యూ చేయించుకుంటూ పోతోంది. స్టాటిస్టిక్స్ పుస్తకం కంప్యూటర్‌లో ఉందని చూపిస్తోంది, ర్యాక్‌లో లేదు. రెండు రోజులు వెతికాను. మాక్రో పుస్తకం కౌంటర్ వెనక పెట్టారు. రెండు గంటలకే ఇస్తారట, బయటికి తీసుకెళ్లకూడదట. రెండు గంటల్లో ఏం చదవగలను? కౌంటర్‌లో అడుగుదామంటే, ఇదివరకు తీసుకున్న ఒక నవల గడువు దాటిపోయి ఫైన్ పడింది. అదొక టెన్షన్. పాత ఎడిషన్ చదివితే సరిపోతుందా? ఒక్క పుస్తకమైతే ఎలాగోలా కొనగలను, ఏది కొనమంటారు? పరీక్షలకి ఎనిమిది వారాలుంది. దయచేసి నా పేరు వెయ్యొద్దు.

సమాధానం:

చెల్లీ, మిగతా పుస్తకాల సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఆ నవల సంగతి తేల్చెయ్. రేపు లైబ్రరీ తెరవగానే వెళ్లి ఇచ్చి వచ్చెయ్. గడువు దాటిన పుస్తకమో, కట్టని ఫైనో నీ పేరు మీద ఉంటే చాలా లైబ్రరీల్లో కంప్యూటరే కార్డును ఆపేస్తుంది. అప్పుడు కొత్త పుస్తకం ఇష్యూ కాదు, ఉన్నది రెన్యూ కాదు, కావాలని రిజర్వ్ పెట్టడానికీ వీలుండదు. ఈ తాళం తీయనిదే నేను కింద చెప్పబోయే ఉపాయాల్లో సగం పనిచెయ్యవు. ఇచ్చేటప్పుడు, "మొదటిసారి ఆలస్యమైంది, కొంచెం తగ్గించే వీలుందా?" అని మామూలుగా అడుగు. తగ్గించే వెసులుబాటు చాలాచోట్ల కౌంటర్‌లో ఉన్నవాళ్లకి ఉంటుంది. ఫైన్లు డబ్బు లేనివాళ్లని లైబ్రరీకి దూరం చేస్తాయన్న సంగతి ఈ వృత్తిలో ఉన్నవాళ్లకి బాగా తెలుసు. అది సామాజిక అసమానతే అని 2019లో అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ తీర్మానమే చేసింది. కాబట్టి అడగడానికి సిగ్గుపడకు. తగ్గించకపోయినా సరే, కట్టేసి బయటపడు. ఎంత ఆలస్యం చేస్తే అంత పెరుగుతుంది.

నేను పద్దెనిమిదేళ్లు యూనివర్సిటీ లైబ్రరీలో పనిచేశాను, ఎక్కువ కాలం ఇష్యూ కౌంటర్‌లోనే. ప్రతి సెమిస్టర్ మూడో వారం వచ్చేసరికి నీలాంటి పిల్లలు కనిపించేవాళ్లు. కంప్యూటర్‌లో చూసుకునేవాళ్లు, ర్యాక్ దాకా వెళ్లేవాళ్లు, వట్టి చేతులతో తలుపు దాటి వెళ్లిపోయేవాళ్లు. ఏ పుస్తకం కోసం వచ్చారో మాకు తెలిసేదే కాదు. నాకు ఇప్పటికీ మనసులో మెదిలే విషయం ఇదే. వచ్చి, లేదని చూసి, నోరు విప్పకుండా వెళ్లిపోయిన మనిషి లైబ్రరీ లెక్కల్లో ఎక్కడా ఉండదు. నలభై మంది అలా తిరిగి వెళ్లినా రికార్డులో కనిపించేది రెండు కాపీలు, ఇద్దరు పాఠకులు, అంతా సవ్యంగా ఉన్నట్టే. అందుకని చెల్లీ, ఇకనుంచి లైబ్రరీకి వెళ్లిన ప్రతిసారీ నువ్వు వచ్చినట్టు, ఫలానాది కావాలన్నట్టు ఒక గుర్తు అక్కడ పెట్టి రా. దాని వల్ల ఏం జరుగుతుందో మైక్రో పుస్తకంతోనే చెప్తాను.

మీ క్లాసమ్మాయి ఆ పుస్తకాన్ని అన్నిసార్లు ఎలా రెన్యూ చేయించుకోగలుగుతోంది? ఆ పుస్తకం కావాలని ఇంకెవరూ రిజర్వ్ పెట్టలేదు, అంతే. చాలా లైబ్రరీల్లో నియమం ఏమిటంటే, ఒక పుస్తకం కోసం క్యూలో ఇంకొకరు ఉంటే దాన్ని రెన్యూ చెయ్యరు. కొన్నిచోట్ల ఇంకో అడుగు ముందుకేసి, తీసుకున్నవాళ్ల గడువును కుదించి వెనక్కి రప్పిస్తారు కూడా. నువ్వు క్యాటలాగ్‌లో, అంటే లైబ్రరీ పుస్తకాల కంప్యూటర్ జాబితాలో, ఆ పుస్తకం పేజీ తెరిచి, నీ కార్డు నంబరుతో లాగిన్ అయి, రిజర్వ్ అనో హోల్డ్ అనో ఉన్న బటన్ నొక్కావంటే, ఆ అమ్మాయి తర్వాతి రెన్యూ అక్కడే ఆగిపోతుంది. ఎవరు పెట్టారో లైబ్రరీ చెప్పదు. ఇది ఆ అమ్మాయి మీద ఫిర్యాదు చెయ్యడం అనుకోకు. నియమం ప్రకారమే చేయించుకుంటోంది, తను చేసిన తప్పేమీ లేదు. అడిగేవాళ్లు లేరు కాబట్టి తన దగ్గర ఉంది, ఇప్పుడు నువ్వు అడుగుతున్నావు. నీకు చొరవ ఉంటే నేరుగా తనతోనే మాట్లాడి, వారంలో మూడు రోజులు తనకి, మూడు రోజులు నీకు అని పంచుకోవచ్చు కూడా. అయితే కార్డు తనది కాబట్టి పుస్తకం పోయినా, తడిసినా తన మీదే పడుతుంది. ఆ జాగ్రత్త నువ్వు తీసుకోవాలి.

రిజర్వ్ పెట్టాక ఈమెయిల్ రోజూ చూసుకో. పుస్తకం వచ్చాక నీ పేరు చీటీతో కౌంటర్ దగ్గర కొన్ని రోజులే ఉంచుతారు, నువ్వు వెళ్లకపోతే క్యూలో తర్వాతి మనిషికి వెళ్లిపోతుంది. వచ్చిందని ఈమెయిల్ వెళ్లినా రాక, చీటీ పెట్టిన పుస్తకాలు అలాగే ఉండిపోయి, చివరికి తీసి పక్కన పెట్టిన రోజులు నాకు బోలెడన్ని గుర్తున్నాయి.

ఇక స్టాటిస్టిక్స్ పుస్తకం. ఉందని చూపించి కనపడని పుస్తకం కంటే విసుగు పుట్టించేది ఇంకోటి లేదు, నీ రెండు రోజుల తిరుగుడు నాకు అర్థమైంది. కంప్యూటర్‌కి తెలిసింది ఒకటే, ఆ పుస్తకం ఎవరి కార్డు మీదా లేదు. అది భవనంలో ఎక్కడుందో దానికి తెలియదు. నిన్న సాయంత్రం ఎవరో తిరిగిచ్చేసి ఉండొచ్చు, ఇంకా ట్రాలీ మీదే ఉండొచ్చు. చదివి బల్ల మీద వదిలేసి ఉండొచ్చు, జిరాక్స్ మెషీన్ పక్కన ఉండిపోయి ఉండొచ్చు. లేదా వేరే హాల్లోనో, డిపార్ట్‌మెంట్ లైబ్రరీలోనో ఉండొచ్చు. క్యాటలాగ్‌లో పుస్తకం పేరు కింద 'లొకేషన్' అనే గడి ఒకటి ఉంటుంది, పిల్లలు దాన్ని చదవకుండానే పరిగెత్తుతారు. ముందు అది చూడు.

తర్వాత నంబరు, దాన్నే కాల్ నంబరు అంటారు. మీ లైబ్రరీలో పుస్తకాలను సబ్జెక్టు వారీగా అంకెలతో వరసపెట్టే డ్యూయీ దశాంశ పద్ధతి ఉంటే, అంటే పుస్తకం వీపు మీద చీటీలో 519.5 లాంటి అంకె ఉంటే, ఒక్క విషయం గట్టిగా గుర్తుపెట్టుకో. చుక్క తర్వాత ఉన్నది దశాంశం. 519.5024 చూసి, ఐదువేల ఇరవై నాలుగు కదా, 53 కంటే పెద్దది, 519.53 తర్వాత ఉంటుందిలే అనుకుంటారు. అది 519.53 కంటే ముందే ఉంటుంది, ఎందుకంటే 0.5024 కంటే 0.53 పెద్దది. ఈ ఒక్క పొరపాటుతో పక్క అరలో గంటలు గంటలు వెతికినవాళ్లని ఎంతమందిని చూశానో. అంకె కింద ఉండే అక్షరాలు ఎక్కువగా రచయిత ఇంటిపేరువి, అంకె ఒకటే అయినప్పుడు ఆ అక్షరాల వరస చూడాలి. మీది లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ అనే ఇంకో పద్ధతైతే ముందు అక్షరాలు ఉంటాయి, స్టాటిస్టిక్స్‌కి క్యూఏ 276 అని. అక్కడ అక్షరాల వెంటనే వచ్చే అంకె మాత్రం మామూలు అంకే, కాబట్టి 76 తర్వాతే 276 వస్తుంది. దాని తర్వాత చుక్కతో వచ్చే అక్షరమూ అంకెలూ మళ్లీ దశాంశమే, ఎం25 ముందు, ఎం3 తర్వాత.

ఇంకో సంగతి. నీ సబ్జెక్టు పుస్తకాలన్నీ ఒకేచోట ఉండవు. డ్యూయీలో ఎకనామిక్స్ 330 దగ్గర మొదలవుతుంది, మైక్రో ఎక్కువగా 338.5 దగ్గర, మాక్రో 339 దగ్గర ఉంటాయి. స్టాటిస్టిక్స్ పద్ధతుల పుస్తకాలు గణితంతో పాటు 519.5లో, అంటే వేరే అంతస్తులో కూడా ఉండొచ్చు. 310లో ఉండేవి జనాభా లాంటి లెక్కల సంకలనాలు, పేరు చూసి అక్కడికి వెళ్లి వెతికితే నీ టెక్స్ట్‌బుక్ దొరకదు.

సరైన అరకే చేరావనుకో. అక్కడ లేకపోతే పైన అరా, కింద అరా, అటు నాలుగు పుస్తకాలు, ఇటు నాలుగు పుస్తకాలు చూడు. చెయ్యి లోపలికి పెట్టి వరస వెనక తడుము. పలచటి పుస్తకాలు వెనక్కి జారి, గోడకీ వరసకీ మధ్య పడిపోతుంటాయి. ఒకసారి ఒక కుర్రాడు నెల రోజులుగా రాని పుస్తకం కోసం అడిగితే నేను వెళ్లి ముందు వరసలో పది పుస్తకాలు తీశాను. వెనక దుమ్ములో బోర్లా పడి ఉంది, అట్ట మీద పక్క పుస్తకాల అంచుల గీతలు పడ్డాయి. ఆ కుర్రాడు ఏమీ అనలేదు, దాన్ని చొక్కాతో తుడిచి గుండెలకి ఆనించుకుని కౌంటర్ దాకా వచ్చాడు.

ఇంత చేసినా దొరకలేదంటే, నీ వెతుకులాట అక్కడితో ఆపెయ్. కౌంటర్‌కి వెళ్లి కాల్ నంబరు చూపించి, "క్యాటలాగ్‌లో ఉంది, ర్యాక్‌లో లేదు, వెతికి పెడతారా?" అని అడుగు. ఇలాంటి వాటికి ఫారమో, రిజిస్టరో ఉంటుంది. సిబ్బంది రెండు మూడుసార్లు వెతుకుతారు, దొరికితే నీకోసం పక్కన పెడతారు, దొరకకపోతే 'పోయింది' అని రికార్డులో మారుస్తారు. అలా మార్చితేనే దాని బదులు ఇంకో కాపీ కొనే ఆలోచన మొదలవుతుంది. నువ్వు చెప్పకపోతే ఆ పుస్తకం కంప్యూటర్‌లో ఇంకో ఐదేళ్లు 'ఉంది' అనే చూపిస్తుంది, నీ వెనక వచ్చే పిల్లలు కూడా రెండేసి రోజులు ఇలాగే తిరుగుతారు.

ఇప్పుడు నువ్వు నిరాశపడ్డ మాక్రో పుస్తకం దగ్గరికి వద్దాం. నిజానికి నీ ఐదు పుస్తకాల్లో నీకు నమ్మకంగా దొరికేది అదొక్కటే. లెక్క వేసి చూడు. ఆ కాపీని పద్నాలుగు రోజుల గడువుతో బయటికి ఇస్తే ఆ రెండు వారాలూ ఒక్కరే చదువుతారు. రెండేసి గంటలకు ఇస్తే, లైబ్రరీ రోజుకి పన్నెండు గంటలు తెరిచి ఉంటుందనుకుంటే, రోజుకి ఆరుగురు, పద్నాలుగు రోజుల్లో ఎనభై నాలుగు వంతులు. ఎవరో లెక్చరర్ మీ గురించి ఆలోచించి ఆ పుస్తకాన్ని అక్కడ పెట్టించారన్నమాట. పుస్తకం ఇంటికి రావాలన్న కోరిక నాకు తెలుసు. మంచం మీద, రాత్రి పొద్దుపోయాక, ఎవరూ అడగకుండా చదువుకోవాలని ఉంటుంది. కానీ ఇంటికి తెచ్చుకున్న పుస్తకం రెండు వారాలు బల్ల మీద ఉండి ఎన్ని గంటలు తెరుచుకుంటుందో కూడా ఒకసారి ఆలోచించు.

రెండు గంటల పుస్తకంతో చదివే తీరు వేరు. నేను పనిచేసినప్పుడు ఒక అమ్మాయి వారానికి మూడుసార్లు పొద్దున తెరవగానే వచ్చేది. కౌంటర్‌కి రాకముందే తన దగ్గర ఒక కాగితం ఉండేది. దాని మీద ఆ రోజు చూడాల్సినవి నాలుగే నాలుగు ప్రశ్నలు, క్లాసు నోట్సులోంచి రాసుకున్నవి. పుస్తకం తీసుకుని కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చునేది. మొదట విషయసూచిక, తర్వాత వెనకున్న పదసూచిక, అక్కణ్నుంచి నేరుగా ఆ పేజీలకి. ప్రతి నోటు పక్కనా మార్జిన్‌లో పేజీ నంబరు వేసుకునేది, మళ్లీ వచ్చినప్పుడు వెతుక్కోకుండా. చివరి పావుగంట మాత్రం పుస్తకం మూసేసేది. మూసేసి, అప్పటిదాకా చూసిన గ్రాఫును ఖాళీ కాగితం మీద గుర్తున్నంతవరకు గీసుకునేది, ఆ తర్వాత తెరిచి సరిచూసుకునేది. తప్పు గీసిన చోట గట్టిగా సున్నా చుట్టేది. మళ్లీ వచ్చేటప్పటి నాలుగు ప్రశ్నల్లో మొదటిది ఆ సున్నాదే అయ్యుండేది. ఆ పుస్తకం ఆ అమ్మాయి ఒక్క రోజు కూడా ఇంటికి తీసుకెళ్లలేదు.

నీకు మాక్రోకి వారానికి మూడు వంతులు దొరికినా ఎనిమిది వారాల్లో ఇరవై నాలుగు వంతులు, నలభై ఎనిమిది గంటలు. సిలబస్‌లో ఆ పుస్తకంలోంచి పెట్టిన చాప్టర్లకి అది తక్కువేమీ కాదు. అన్నట్టు, ఏ టెక్స్ట్‌బుక్కూ మొత్తం సిలబస్‌లో ఉండదు. ఏ చాప్టర్లు అవసరమో ముందు టిక్ పెట్టుకో. క్లాసు టెస్టుకి ముందు రోజు ఆ పుస్తకం కోసం అందరూ ఎగబడతారు, పాఠం అయిన మర్నాడైతే అడిగేవాళ్లే ఉండరు. నీ వంతులు అప్పుడే వాడుకో. ఇంకో ప్రశ్న తప్పకుండా అడుగు, "రాత్రికి ఇస్తారా?" అని. చాలా లైబ్రరీలు మూసే వేళకి ముందు ఈ పుస్తకాలను ఇంటికి ఇచ్చి, మర్నాడు తెరవగానే తెచ్చివ్వమంటాయి. ఒక్క జాగ్రత్త, వీటికి ఫైన్ చాలాచోట్ల రోజుల లెక్కన ఉండదు, గంటల లెక్కన ఉంటుంది, ఎక్కువ కూడా. నవలకి జరిగింది దీనికి జరగనివ్వకు, ఫోన్‌లో అలారం పెట్టుకో.

మిగతా రెండు పుస్తకాల పేర్లు నువ్వు రాయలేదు. వాటినీ, ఆ మైక్రో పుస్తకాన్నీ ఇలాగే కౌంటర్ వెనక పెట్టించమని మీ లెక్చరర్‌ని అడగొచ్చు. లైబ్రరీలో ఉన్న కాపీని అలా మార్పించడానికి లెక్చరర్ ఒక చిన్న కాగితం రాస్తే చాలు. లైబ్రరీలో అసలు లేకపోతే కొంతమంది లెక్చరర్లు తమ సొంత కాపీనే అక్కడ ఉంచుతారు. పబ్లిషర్లు లెక్చరర్లకి ఉచితంగా కాపీలు పంపడం మామూలే, వాళ్ల బీరువాలో ఒకటి ఎక్కువ ఉండే అవకాశం ఉంది. "సర్, ఈ పుస్తకం కొనలేకపోతున్నాను, లైబ్రరీలో కాపీలు చాలట్లేదు" అని ఒక్క వాక్యం చెప్పు. ఇల్లు, ఆదాయం, కష్టాలు ఏమీ వివరించనక్కర్లేదు.

పాత ఎడిషన్ సంగతి అడిగావు. సబ్జెక్టును బట్టి ఉంటుంది. మొదటి సంవత్సరం మైక్రో సిద్ధాంతం ఎడిషన్ ఎడిషన్‌కి పెద్దగా మారదు. డిమాండ్ రేఖ అప్పుడూ కిందికే వాలింది, ఇప్పుడూ కిందికే వాలుతుంది. స్టాటిస్టిక్స్ కూడా అంతే. మాక్రోలో మాత్రం దేశాల లెక్కలు, బ్యాంకుల విధానాలు, ఈమధ్య సంక్షోభాల గురించిన చాప్టర్లు కొత్త ఎడిషన్‌లో కొత్తగా రాస్తారు. అక్కడ పాతదాన్ని నమ్ముకోకు. అన్నిట్లోనూ మారేవి పేజీ నంబర్లూ, చాప్టర్ చివర ఉండే లెక్కల వరసా. "ఐదో చాప్టర్ తొమ్మిదో లెక్క చేసుకురండి" అని లెక్చరర్ అంటే నీ పాత పుస్తకంలో తొమ్మిదో లెక్క ఇంకోటి అయ్యుండొచ్చు. అందుకు విరుగుడు తేలిక. కొత్త ఎడిషన్ దొరికిన రెండు గంటల్లో ఒకసారి రెండు పుస్తకాల విషయసూచికలు పక్కపక్కన పెట్టి ఏది ఎక్కడికి జరిగిందో గీసుకో, ఇచ్చిన లెక్కలు మాత్రం నోట్సులోకి ఎక్కించుకో. తర్వాత వారాలన్నీ పాతదానితోనే నడిచిపోతుంది.

పాత ఎడిషన్లు సాధారణంగా కొత్తదాని పక్కనే అరలో ఉంటాయి, చీటీ చివర సంవత్సరం వేసి ఉంటుంది. వాటిని ఎవరూ రిజర్వ్ చెయ్యరు కాబట్టి సెమిస్టర్ అంతా రెన్యూ చేయించుకోవచ్చు. క్యాటలాగ్‌లో వెతికేటప్పుడు సిలబస్‌లో ఇచ్చిన ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకాన్ని గుర్తుపట్టే నంబరు, కొట్టకు. ప్రతి ఎడిషన్‌కీ వేరే ఐఎస్‌బీఎన్ ఉంటుంది, అదే ఎడిషన్ గట్టి అట్టదానికీ మెత్తటి అట్టదానికీ కూడా వేరువేరు. 2007కి ముందు వచ్చినవాటిలో చాలావాటికి పదమూడు అంకెలు కూడా ఉండవు, పదే ఉంటాయి. ఆ నంబరు కొడితే ఆ ఒక్క ఎడిషనే వస్తుంది, లేకపోతే ఏమీ రాదు. రచయిత పేరు, పుస్తకం పేరులో రెండు మాటలు కొట్టు, పాతవన్నీ బయటపడతాయి.

ఈ-బుక్ ఉందేమో కూడా చూడు, కానీ దాని మీద ఎక్కువ ఆశ పెట్టుకోకు. చాలా టెక్స్ట్‌బుక్కులను పబ్లిషర్లు లైబ్రరీలకి ఈ-బుక్‌గా అమ్మనే అమ్మరు. అమ్మినా ఒకసారికి ఒకరో, ముగ్గురో మాత్రమే తెరవగలిగే లైసెన్సు ఇస్తారు. నీకు తెరుచుకోకపోతే ఎవరో చదివేసి కిటికీ మూయకుండా వదిలేశారని అర్థం కావచ్చు, ఒక అరగంట ఆగి చూడు. నువ్వు చదివాక మాత్రం తప్పకుండా లాగౌట్ అవ్వు. ఇంకోటి, ఎకనామిక్స్‌కీ స్టాటిస్టిక్స్‌కీ ఉచితంగా, పూర్తిగా చట్టబద్ధంగా దొరికే టెక్స్ట్‌బుక్కులు ఉన్నాయి. రైస్ యూనివర్సిటీ వాళ్ల ఓపెన్‌స్టాక్స్ 2012 నుంచి అలాంటివి వేస్తోంది. అవి ఆన్‌లైన్‌లో ఎవరైనా చదువుకోవచ్చు, దించుకోవచ్చు. మీ లెక్చరర్ చెప్పిన పుస్తకానికి బదులుగా కాదు గానీ, లైబ్రరీ మూసేశాక రాత్రి పదకొండుకి ఒక కాన్సెప్టు అర్థం కాకపోతే అది నీ పక్కన ఉంటుంది.

పుస్తకం మొత్తం ఫోన్‌తో ఫొటోలు తీసుకోవాలన్న ఆలోచన వస్తుంది, అందరికీ వస్తుంది. వద్దు. చదువు కోసం ఎంతవరకు కాపీ తీసుకోవచ్చో కాపీరైట్ నియమాలు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి. ఒక చాప్టరో, కొన్ని పేజీలో అయితే చాలాచోట్ల అనుమతి ఉంటుంది. ఆ హద్దు ఎంతో జిరాక్స్ మెషీన్ దగ్గర అంటించి ఉంటుంది, లేకపోతే కౌంటర్‌లో చెప్తారు. నీకు కావలసింది లెక్కల పేజీలు, రెండు మూడు పట్టికలు, అంతేగా.

ఇక కౌంటర్ అంటే నీ భయం. నేనూ చదువుకునే రోజుల్లో అలాగే భయపడ్డాను. మొదటిసారి అడిగినప్పుడు ఒకాయన తల ఎత్తకుండానే "ర్యాక్‌లో చూసుకో" అన్నారు. ఆ మాటతో ఏడాదిపాటు కౌంటర్ వైపు వెళ్లలేదు. ఆ ఏడాది ఎన్ని పుస్తకాలు పోగొట్టుకున్నానో తర్వాత అదే బల్లకి అవతలి వైపు కూర్చున్నప్పుడు తెలిసింది. లైబ్రరీ చదువుకి పునాది వేసినవాళ్లలో ఒకరైన ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ఐదు సూత్రాలు చెప్పారు. ప్రతి పాఠకుడికీ తన పుస్తకం అందాలన్నది రెండోది, పాఠకుడి సమయం ఆదా చెయ్యాలన్నది నాలుగోది. మా ఉద్యోగంలో చేరినవాళ్లందరూ చదివే పాఠం అది. నువ్వు రెండు రోజులు ర్యాకుల మధ్య తిరగడం ఆ నాలుగో సూత్రానికి అడ్డం, అడగడం కాదు. ఒకరు విసుక్కుంటే ఇంకో పూట ఇంకొకర్ని అడుగు. రద్దీ లేని వేళ వెళ్లు. పుస్తకం పేరు, రచయిత, ఎడిషన్, కాల్ నంబరు ఒక చీటీ మీద రాసుకుని వెళ్లి చీటీ ముందు పెట్టు. మాట తడబడినా చీటీ తడబడదు.

అదే కౌంటర్‌లో, లేదా లైబ్రరీ వెబ్‌సైట్‌లో, పుస్తకం కొనమని సూచించే ఫారం ఉంటుంది. మీ క్లాసులో ఎంతమంది ఉన్నారో, ఎన్ని కాపీలున్నాయో రెండు అంకెలు అందులో రాయి, క్లాసులో ఇంకో నలుగురి చేత కూడా రాయించు. వీలైనంతమంది చేత ఆ మైక్రో పుస్తకానికి రిజర్వ్ కూడా పెట్టించు. కాపీలు రెండు, క్యూలో పదిమంది అన్న లెక్క కనిపిస్తే కొనుగోళ్లు చూసేవాళ్లకి ఇంకే వాదనా అక్కర్లేదు. ఆ కాపీ వచ్చేసరికి నీ పరీక్షలు అయిపోవచ్చు, అది నిజమే. వచ్చే ఏడాది పిల్లలకి ఉంటుంది. నీ వచ్చే సెమిస్టర్ పుస్తకాల జాబితా మాత్రం ఈ పరీక్షలు అవ్వగానే లెక్చరర్లని అడిగి తీసుకో, సెలవుల్లోనే రిజర్వ్ పెట్టెయ్.

చివరిగా, ఒక్క పుస్తకం ఏది కొనాలని అడిగావు. స్టాటిస్టిక్స్ కొను. మాక్రో నీకు గంటల్లో దొరుకుతుంది, మైక్రో రిజర్వ్‌లోనో పాత ఎడిషన్‌లోనో దొరుకుతుంది, చదివి నోట్సు రాసుకుంటే ఆ రెండూ చాలావరకు నీ చేతిలోకి వస్తాయి. స్టాటిస్టిక్స్ అలా రాదు, రోజూ నాలుగు లెక్కలు చెయ్యాలి, తప్పు చేసి వెనక జవాబు చూసి మళ్లీ చెయ్యాలి, వెనకున్న పట్టికలు పదేపదే తిప్పాలి. వచ్చే ఏడాది ఎకనామెట్రిక్స్‌లో కూడా అదే పుస్తకం తెరుస్తావు. కొత్తది వద్దు, సీనియర్ల దగ్గర ఒక ఎడిషన్ పాతది అడుగు. తీసుకునే ముందు రెండు చూసుకో, వెనక పట్టికల పేజీలు చిరగకుండా ఉన్నాయా, జవాబుల పేజీలు ఉన్నాయా అని. పెన్సిల్‌తో గీతలున్నా పర్లేదు, ఎవరో నీకంటే ముందు ఆ లెక్కలతో కుస్తీ పట్టారన్నమాట.